సంఘం ఇప్పించే సోలార్: ఉద్దానం తీరంలో 3 కిలోవాట్ల ప్యాకేజీ ఎంతవరకు పనికొస్తుంది?

వజ్రపుకొత్తూరు, సోంపేట మండలాల వైపు ఒక రైతుల పరస్పర సహాయ సంఘం తన సభ్యుల మేడల మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తోంది. టెండరు సంఘమే పిలుస్తుంది, ఒకే కంపెనీకి పని అప్పగిస్తుంది, సబ్సిడీ కాగితాలు చూస్తుంది, ఆ తర్వాత ఇంటికి నెలకు 100 రూపాయలు తీసుకుని మరమ్మతులు చేయిస్తుంది. ఈ సమీక్ష ఆ సేవ గురించే. సంఘం పేరూ కంపెనీ పేరూ రాయడం లేదు. పేర్లు మారినా శ్రీకాకుళం జిల్లా తీరంలో ఈ తరహా ప్యాకేజీలన్నిటి మంచీ చెడ్డా దాదాపు ఒకటే.

ముందే చెప్పేస్తే, చౌకగా వస్తుందని సంఘం ద్వారా తీసుకోవక్కర్లేదు. విడిగా కొన్న ధరకీ సంఘం ధరకీ పెద్ద తేడా ఉండదు. 3 కిలోవాట్లకు మార్కెట్లో 1.8 నుంచి 2.1 లక్షలు నడుస్తోంది, సంఘం ధర 1.95 లక్షలు. సంఘం విలువ తెలిసేది మూడు చోట్ల: టెండరులో ఏం రాశారు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎవరి లోడు ఎక్కడ పెట్టారు, కంపెనీ ఫోను ఎత్తని రోజున ఎవరు మేడ ఎక్కుతారు. మొదటి దాంట్లో ఈ సంఘానికి మంచి మార్కులే ఇవ్వొచ్చు. రెండోది అసలు పట్టించుకోలేదు. మూడోది సగమే చేసింది.

ప్యాకేజీలో వచ్చేవి ఇవి. 540 వాట్ల మోనో పెర్క్ హాఫ్‌కట్ ప్యానెళ్లు 6, అంటే మొత్తం 3.24 కిలోవాట్లు. అన్నీ దేశీయ సెల్స్‌తో చేసిన డీసీఆర్ రకమే. డీసీఆర్ కాకపోతే ఇళ్ల సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ రాదు కాబట్టి ఇది సంఘం గొప్పతనమేమీ కాదు. 3 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టరు, డీసీ పెట్టె, ఏసీ పెట్టె, 4 చదరపు మిల్లీమీటర్ల డీసీ కేబులు, మూడు ఎర్తింగులు, పిడుగు రాడ్డు, స్ట్రక్చర్. ఒక్కో ప్యానెల్ సుమారు 28 కిలోలు, కొలత 2.28 మీటర్లు, 1.13 మీటర్లు. ఆరూ కలిపి 15.5 చదరపు మీటర్లు. కడగడానికి మనిషి తిరిగే దారితో సహా మేడ మీద 250 నుంచి 300 చదరపు అడుగులు నీడ పడకుండా ఉండాలి.

నీడ అంటే ఉద్దానంలో కొబ్బరి చెట్టే. ఆరు ప్యానెళ్లూ ఒకే వరసలో కలుస్తాయి కాబట్టి ఒక మట్ట నీడ రెండు ప్యానెళ్ల మీద అడ్డంగా పడినా మొత్తం ఉత్పత్తి దెబ్బతింటుంది. సర్వేకి వచ్చిన కుర్రాడు మధ్యాహ్నం 12కి ఫొటో తీసుకుని వెళ్లిపోతే ఆ నీడ కనపడదు. ఉదయం 8:30కి, సాయంత్రం 3:30కి చూడాలి, అదీ డిసెంబరు ఎండ వాలు లెక్కేసి. ఈ సంఘం సర్వే ఫారంలో ‘చెట్ల నీడ ఉందా’ అని ఒక గడి ఉంది. ఏ వేళకి చూశారో రాసే గడి లేదు.

అందరికీ 3 కిలోవాట్లా?

ప్యాకేజీలో పెద్ద లోపం ఇదే. సభ్యులందరికీ ఒకే సైజు అంటగడుతున్నారు. కారణం తెలిసిందే: కేంద్రం సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000 దగ్గర ఆగిపోతుంది. ‘78 వేలు ఎందుకు వదులుకుంటారండీ’ అంటే ఎవరైనా తలూపుతారు. లెక్క వేస్తే సంగతి వేరేగా ఉంటుంది.

2022-23లో వచ్చిన గృహ స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1.90 రూపాయలు, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు చార్జీ 1,673 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీ దీనికి అదనం. మన తీరంలో ఒక కిలోవాట్ ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. 2 కిలోవాట్లు పెడితే నెలకు 240. మిగిలిన 60 యూనిట్లకు బిల్లు 147 రూపాయలు. అంటే రెండు కిలోవాట్లే 1,526 రూపాయలు మిగిలిస్తాయి. మూడో కిలోవాట్ చేసేదల్లా ఆ చివరి 147 రూపాయలు తుడిచేయడం, పైన ఓ 60 యూనిట్లు గ్రిడ్డుకి పంపడం. మిగులు కరెంటుకి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చే ధర మనం కట్టే పై స్లాబు ధర దరిదాపుల్లో ఉండదు.

సోలార్ ఎప్పుడూ పై స్లాబునే ముందు కోస్తుంది. అందుకని మొదటి కిలోవాట్ బంగారం, రెండోది వెండి, మూడోది ఇంటిని బట్టి. 2 కిలోవాట్లు 1.3 లక్షలకు వస్తే సబ్సిడీ పోను 70 వేలు, అది 46 నెలల్లో తిరిగొస్తుంది. 3 కిలోవాట్లకు సబ్సిడీ పోను 1.17 లక్షలు, తిరిగి రావడానికి 70 నెలలు. వేసవిలో ఏసీ నడిపి 400 యూనిట్లు దాటించే ఇళ్లకు మాత్రం మూడో కిలోవాట్ దండగ కాదు. నెలకు 125 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొత్తం చార్జీయే 417 రూపాయలు. వాళ్లకు 3 కిలోవాట్లు అమ్మిన వాళ్లు ఎంత మంచివాళ్లైనా ఆ సభ్యుడికి మేలు చేయలేదు.

ఇంకొక మాట. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు ఉచితంగా పెట్టించే పథకం, బీసీ ఇళ్లకు కేంద్ర సబ్సిడీ మీద మరో 20 వేలు రాష్ట్రం ప్రకటించి ఉన్నాయి. ఆ కుటుంబాలను ముందు ఆ వరసలో నిలబెట్టడం సంఘం పని. ప్యాకేజీ కాగితం మీద ఆ ఊసే లేదు.

గాలి, ఉప్పు

ఈ ప్యాకేజీకి అసలు పరీక్ష ఇక్కడే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది ఈ పలాస పక్కనే. భవన నిర్మాణ ప్రమాణం ఐఎస్ 875లో మన తీరానికి మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలికి చదరపు మీటరు మీద ఒత్తిడి 1,500 న్యూటన్లు, సుమారు 150 కిలోల బరువు. 15.5 చదరపు మీటర్లకు స్థూలంగా 2,300 కిలోలు. ఏటవాలుగా ఉన్న ప్యానెళ్ల కిందికి గాలి దూరితే అదంతా పైకి లాగే బలం.

చాలా కంపెనీలు కాళ్ల కింద పెట్టేది అడుగు ఘనపు కాంక్రీటు దిమ్మె. దాని బరువు 68 కిలోలు. ఎనిమిది కాళ్లకు ఎనిమిది దిమ్మెలు కలిపి 544. ప్యానెళ్లు 168, ఇనుము ఇంకో 150 వేసుకున్నా 900 కిలోలు దాటదు. 2,300కీ 900కీ మధ్య ఉన్న ఆ లోటే తుపాను రాత్రి ప్యానెళ్లను పక్కింటి పెరట్లో పడేస్తుంది. ఈ సంఘం టెండరులో దిమ్మెల మీద మాత్రమే నిలబెట్టకూడదని, కాళ్లను స్లాబుకి కట్టాలని రాసింది. ఇది మెచ్చుకోవాల్సిన సంగతి.

కట్టే పద్ధతిలో మాత్రం తేడా వచ్చింది. మన మేడల స్లాబు మందం 4 నుంచి 5 అంగుళాలు. ఎం12 కెమికల్ యాంకరు (రంధ్రంలో జిగురు పోసి బిగించే బోల్టు) పట్టాలంటే 4 అంగుళాల పైనే లోతు కావాలి. స్లాబు మధ్యలో అంత లోతు డ్రిల్లు కొడితే కింద పెచ్చు ఊడుతుంది, వచ్చే వానాకాలం నుంచి గదిలో చెమ్మ. యాంకర్లు దూలాల మీద, స్తంభాల మీదే పడాలి. ఇక్కడ చాలా ఇళ్లకు పై అంతస్తు కోసం వదిలేసిన స్తంభాల చువ్వలు మేడ మీద పైకి కనపడుతూనే ఉంటాయి. తుప్పు గీకి, ఆ చువ్వలను కలుపుకుని అడుగున్నర దిమ్మె పోసి, బేస్ ప్లేటు బోల్టులు అందులో ముంచితే అంతకన్నా గట్టి పట్టు మరోటి లేదు. కొన్ని ఇళ్లకు ఇలాగే చేశారు, అవి చూడముచ్చటగా ఉన్నాయి. చువ్వలు లేని ఇళ్లకు దూలం ఎక్కడుందో వెతక్కుండా నాలుగు మూలలా కొట్టేశారు. అడిగితే సిలికాన్ రాశాం అన్నారు. సిలికాన్ నీటిని ఒకట్రెండేళ్లు ఆపుతుందేమో, గాలిని ఆపదు.

ఎత్తు గురించి కూడా. మేడ మీద వడియాలు పెట్టుకోవాలి, జీడిపిక్కలు ఆరబోసుకోవాలి, వేసవిలో మంచం వేసుకోవాలి కాబట్టి అందరూ 7 అడుగుల ఎత్తు స్ట్రక్చర్ అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు. కానీ ఎత్తు పెరిగే కొద్దీ కాళ్ల మొదట్లో వంపు బలం పెరుగుతుంది, అడ్డ బ్రేసింగులు తప్పనిసరి. నడిచే దారికి అడ్డమని ఒక వైపు బ్రేసింగు విప్పించుకున్న ఇళ్లు కనిపిస్తున్నాయి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడైనా దాన్ని తిరిగి బిగించాలి. వాలు కోణం 18-19 డిగ్రీలు అని పుస్తకం చెబుతుంది, మన అక్షాంశం అంతే కాబట్టి. తీరంలో 10 నుంచి 12 చాలు. ఉత్పత్తిలో పోయేది ఒకటి రెండు శాతమే, గాలికి దొరికే ముఖం బాగా తగ్గుతుంది. టెండరులో 12 డిగ్రీలు రాశారు, సరిగ్గా రాశారు.

ఉప్పుగాలి దగ్గరికొస్తే, టెండరులో 80 మైక్రాన్ల హాట్ డిప్ గాల్వనైజింగ్ అని ఉంది. షాపులో జీఐ పైపు అని అమ్మేది చాలావరకు ప్రీ-గాల్వనైజ్డ్. దాని జింకు పూత 20 మైక్రాన్లు కూడా ఉండదు. కంటికి రెండూ మెరుస్తూనే ఉంటాయి, ఆ మాటకొస్తే పల్చటిదే ఎక్కువ మెరుస్తుంది. పూత మందం కొలిచే గేజితోనే తేడా తెలుస్తుంది. సంఘం ఆ గేజి తెచ్చి లోడు దిగిన చోటే కొలిచింది, ఒక లోడు వెనక్కి పంపింది. విడిగా కొనుక్కునే ఇంటాయన ఎవరూ ఈ పని చేయలేరు. సంఘం కట్టుకున్నందుకు ఫలితం అంటే ఇదీ.

అయితే మేడ మీద కోసిన చోట, రంధ్రం వేసిన చోట జింకు పోతుంది. అక్కడ జింక్ రిచ్ పెయింటు రెండు పూతలు వేయాలి. వెండి రంగు అల్యూమినియం పెయింటు వేసి అదే ఇది అంటారు, కాదు. డబ్బా మీద పేరు చదవండి. బోల్టులు ఎస్ఎస్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి ఇచ్చారు. సముద్రానికి రెండు మూడు కిలోమీటర్ల లోపున్న ఊళ్లకు 316 రకమే అడగాలి. 304కి గోధుమ రంగు మరకలు త్వరగానే పడతాయి. ప్యానెళ్లకు ఉప్పు పొగమంచు పరీక్ష, అంటే ఐఈసీ 61701, ఉన్నట్టు డేటాషీటులో చూసుకున్నారు. అది బాగుంది.

పెట్టెలు, తీగలు, ఎర్తింగు

డిస్కం లైనుకి కలిపి నడిపే ఆన్‌గ్రిడ్ సిస్టం పాడయ్యేది ప్యానెల్ దగ్గర తక్కువ, అతుకు దగ్గర ఎక్కువ. ప్యానెల్ తీగలను కలిపే ఎంసీ4 కనెక్టరు ఒక వైపు ఒక కంపెనీది, ఇంకో వైపు ఇంకో కంపెనీది పెడితే లోపలి పట్టు సరిపోక వేడెక్కుతుంది, కరిగిపోతుంది. క్రింపింగ్ టూలు వాడకుండా కట్టింగ్ ప్లేరుతో నొక్కినా అంతే. ఆరు ప్యానెళ్ల వరసలో వోల్టేజి 250 నుంచి 300 డీసీ ఉంటుంది. అతుకు వదులైతే వచ్చే నిప్పురవ్వ ఏసీలా తనంతట తాను ఆరదు. పని చేసేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది ఇదొక్కటే అనుకున్నా చాలు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం కనెక్టర్లను తాకకుండా, వేడి కొలిచే పరికరంతో చూస్తే, మిగతా వాటికన్నా కాలుతున్నది ఏదో తెలుస్తుంది.

ఇన్వర్టరును పడమటి గోడకు, ఎండకు పెట్టించుకోవద్దు. మెట్ల గదిలో గాలి ఆడేలా పెట్టాలి. ఏసీ పెట్టెకు కేబులు దూరే రంధ్రం గ్లాండుతో మూసి ఉండాలి, లేకపోతే బల్లులు, చీమలు చేరతాయి. బల్లి రెండు టెర్మినళ్ల మధ్య పడి బ్రేకరు పేలడం ఈ వైపు మామూలే. పెట్టెలో పిడుగు దెబ్బ నుంచి కాపాడే సర్జ్ పరికరానికి చిన్న కిటికీ ఉంటుంది: పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రగా మారితే పిడుగు దెబ్బ అది తిని పోయినట్టు. ఎర్రబడ్డాక కూడా సిస్టం నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ మార్చరు, రెండో పిడుగు ఇన్వర్టరుకు తగులుతుంది.

ఎర్తింగు ఈ ప్యాకేజీలో బలహీనం. ప్యానెళ్ల వైపు, ఏసీ వైపు, పిడుగు రాడ్డు, మూడూ విడివిడిగా ఉండాలి, ఒక్కోటి 5 ఓమ్‌ల లోపు చూపాలి. ఇసుక నేలల్లో మామూలు రాడ్డు పాతితే వానాకాలంలో బాగానే చూపిస్తుంది, ఏప్రిల్‌లో రెట్టింపు, మూడు రెట్లు అయిపోతుంది. 3 మీటర్ల కెమికల్ ఎలక్ట్రోడు, చుట్టూ తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి నింపడం ఇక్కడ తప్పదు. కంపెనీ చేతికిచ్చిన ఎర్తింగు కొలతలన్నీ సెప్టెంబరువి. సంఘం దగ్గర ఎర్త్ టెస్టరు ఉంది, వేసవిలో మళ్లీ కొలవాలి.

ట్రాన్స్‌ఫార్మర్ లెక్క ఎవరు వేశారు?

ఒక ఊళ్లో ఒకే వీధిలో అందరూ పెట్టుకుంటే వచ్చే చిక్కు ఇది. విడిగా కొనుక్కునేవాళ్లకు ఇది సమస్యే కాదు. గ్రిడ్డు వోల్టేజి 230కి 10 శాతం పైకి, అంటే 253 దాటితే ఇన్వర్టరు తనంతట తాను విడిపోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన. మధ్యాహ్నం 12కి ఊళ్లో వాడకం తక్కువ, ఎండ ఎక్కువ. 15 కేవీఏ సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఐదు ఇళ్లు మూడేసి కిలోవాట్లు పెడితే దాని కెపాసిటీ అంతా వెనక్కి వచ్చే కరెంటుకే సరిపోతుంది. వోల్టేజి ఎక్కుతుంది, లైను చివరున్న ఇంటి ఇన్వర్టరు ముందు ఆగిపోతుంది. ఆ ఇంటాయన కంపెనీని తిడతాడు. కంపెనీ ఇన్వర్టరు మార్చి ఇస్తుంది. కొత్తదీ ఆగిపోతుంది.

ఇంటికి వచ్చే సర్వీసు తీగ కూడా చూడాలి. 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ 40 మీటర్లు ఉంటే రానూ పోనూ నిరోధం సుమారు 0.6 ఓమ్‌లు, దాని మీదే 7 నుంచి 8 వోల్టులు పెరుగుతుంది. స్తంభం దగ్గర 247 ఉంటే ఇన్వర్టరు దగ్గర 254 దాటుతుంది, ఆగిపోతుంది. అదే తీగ 10 చదరపు మిల్లీమీటర్లకు మారిస్తే పెరిగేది 3 వోల్టులే. కొన్ని వందల రూపాయల తీగతో పోయే జబ్బుకు ఇన్వర్టర్లు మార్చడం చూస్తే నవ్వొస్తుంది.

10 కిలోవాట్ల లోపు రూఫ్‌టాప్‌లకు సాంకేతిక సాధ్యత పరిశీలన అక్కర్లేకుండానే అనుమతి ఇవ్వాలని 2024లో నిబంధన మారింది. వినియోగదారుడికి మంచిదే. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని ఇళ్లు చేరాయో అడిగే మనిషి ఇంకా తగ్గిపోయినట్టే. ఆ పని సంఘం చేయాలి. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ల పటం ఒకటి గీసి, ఏ ఇల్లు దేని కింద, ఏ ఫేజు మీద ఉందో లైన్‌మన్‌తో కూర్చుని రాసుకుని, దరఖాస్తులను ఒకే కట్టగా సెక్షన్ ఆఫీసుకు ఇచ్చి, కెపాసిటీ పెంపు, ఫేజుల సర్దుబాటు అడగాలి. ఈ సంఘం ఎవరు ముందు డబ్బు కడితే వాళ్లకు ముందు పెట్టించింది. నాలుగు మేడలు పక్కపక్కనే ఒకే ఫేజు మీద పడ్డాయి.

కరెంటు పోతే సోలారూ పోతుంది

ప్యాకేజీ కరపత్రంలో తాటికాయంత అక్షరాలతో ఉండాల్సిన మాట ఇది, ఎక్కడా లేదు. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు లైనులో కరెంటు లేనప్పుడు పని చేయదు. స్తంభం మీద పని చేసే లైన్‌మన్ ప్రాణం కోసం అలా పెట్టారు, అది లోపం కాదు. కానీ తుపాను తర్వాత రోజుల తరబడి ఊళ్లు చీకట్లో ఉన్నప్పుడు నెత్తిన 3 కిలోవాట్లు పెట్టుకుని కూడా ఫోను చార్జింగు దొరకదు. ప్రతి ఇంటికీ లైను లేకపోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, లిథియం బ్యాటరీ అంటే ఖర్చు కొండెక్కుతుంది. ఊరికి ఒకటి, తుపాను షెల్టరు మీదో సంఘం భవనం మీదో 5 కిలోవాట్ల హైబ్రిడ్, 5 నుంచి 10 యూనిట్ల లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంటే ఫోన్లకు, దీపాలకు, మందుల ఫ్రిజ్‌కు, పగటిపూట మంచినీటి ప్లాంటుకు సరిపోతుంది. విడి మనుషులు చేయలేనిది, సంఘం మాత్రమే చేయగలిగినది ఇలాంటిదే. టెండరులో ఆ ఆలోచన లేదు.

కాగితాలు, డబ్బు, ఆ తర్వాత

కాగితాల పనిలో సంఘానికి మంచి మార్కులే. అందరికీ అడ్డం పడేది ఒక్కటే: మీటరు తాతగారి పేరు మీద ఉంటుంది, బ్యాంకు ఖాతా మనవడి పేరు మీద. సబ్సిడీ ఆగేది అక్కడే. పోర్టల్లో నమోదు చేయకముందే సర్వీసు పేరు మార్పించుకోవాలి. సంఘం గుమస్తా ఇది ముందే చూసి దరఖాస్తులు పెట్టించాడు.

డబ్బు కట్టించిన తీరు కూడా బాగుంది. 90 శాతం పని అయ్యేలోపు విడతలుగా, చివరి 10 శాతం నెట్ మీటరు (లైను నుంచి తీసుకున్నదీ లైనుకి పంపిందీ రెండూ లెక్కగట్టేది) బిగించి ఉత్పత్తి చూపించాక. ఉత్పత్తి చూడటం సులువే: మబ్బు లేని రోజు మధ్యాహ్నం 3.24 కిలోవాట్ల సిస్టం 2.4 నుంచి 2.6 చూపాలి. 3.24 చూపించట్లేదని గొడవ పడక్కర్లేదు. ఎండకు ప్యానెల్ 65 డిగ్రీలు దాకా కాగుతుంది, 25 దాటిన ప్రతి డిగ్రీకీ మూడో వంతు శాతం పైనే పోతుంది, ఆ లెక్కన 14 శాతం వేడికే పోతుంది. 2 దాటకపోతే మాత్రం అడగాలి. ఎక్కువగా వచ్చే ఇంకో ఫిర్యాదు, ఇన్వర్టరు 12 యూనిట్లు అంటే మీటరు ఎక్స్‌పోర్టు 8 చూపిస్తోందని. మిగతా 4 పగలు ఇంట్లో వాడేసినవి. మోసం ఏమీ లేదు.

యాప్ విషయంలో సంఘం గట్టిగా ఉండాల్సింది. ఇన్వర్టరు వైఫై పరికరాన్ని కంపెనీ తన ఖాతా కింద నమోదు చేసుకుని సభ్యుడికి చూసే హక్కు మాత్రమే ఇచ్చింది. రేపు కంపెనీ తట్టా బుట్టా సర్దుకుంటే పాత డేటా అంతా దానితోనే పోతుంది. యజమాని ఖాతా సభ్యుడిది, నిర్వహణ ఖాతా సంఘానిది అని రాయించుకోవాలి. అన్ని ఇళ్ల ఉత్పత్తీ ఒకే తెర మీద కనిపిస్తే ఏ మేడ వెనకబడిందో వారంలో తెలుస్తుంది.

నెలకు వంద రూపాయల సంగతి. 40 ఇళ్లుంటే ఏడాదికి 48,000. వారానికి ఒక రోజు వచ్చే ఎలక్ట్రీషియనుకు, సర్జ్ పరికరాలకు, ఫ్యూజులకు సరిపోతుంది. సూర్యఘర్ కింద పెట్టిన కంపెనీ 5 ఏళ్లు నిర్వహణ చూడాలి కాబట్టి మొదటి ఐదేళ్లలో ఈ డబ్బులో ఎక్కువ భాగం దాచి, ఆరో ఏడు నుంచి ఇన్వర్టర్లకు వాడాలి. ఇక్కడ ఆ సొమ్ము సంఘం మామూలు ఖాతాలోనే కలిసిపోతోంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నడిచే సంఘానికి నియమావళి తనే రాసుకునే స్వేచ్ఛ ఉంది. సోలార్ నిధి వేరే ఖాతా అని ఒక్క తీర్మానం చేస్తే పోతుంది.

ఇది నిజంగా ‘విద్యుత్ సహకార సంఘం’ అవుతుందా అంటే, ఇంకా కాలేదు. ప్రస్తుతానికి కలిసి కొనుక్కునే గుంపు, అంతే. మన పక్క విజయనగరం జిల్లాలో చీపురుపల్లి రెస్కో (గ్రామీణ విద్యుత్ సహకార సంఘం) డిస్కం దగ్గర టోకున కరెంటు కొని దశాబ్దాలపాటు పల్లెలకు పంచింది. తెలంగాణలో 1970 నాటి సిరిసిల్ల సెస్ కూడా అలాంటిదే. అవి పంచినవే తప్ప పుట్టించినవి కావు. గుజరాత్ ఖేడా జిల్లా ఢుండిలో 2016లో ఆరుగురు రైతులు సోలార్ పంపుల సంఘం పెట్టి, నీళ్లు తోడగా మిగిలిన కరెంటును యూనిట్ 4.63 రూపాయలకు డిస్కంకు అమ్మారు. కోపెన్‌హాగెన్ దగ్గర సముద్రంలో 2000లో నిలబెట్టిన 20 మిడిల్‌గ్రుండెన్ గాలిమరల్లో సగం 40,500 వాటాలు కొన్న జనానివి. పుట్టించడం, అమ్మడం, లాభం పంచుకోవడం అక్కడ జరిగింది. మన దగ్గర ఆ దారి కోసం రైతుల సోలార్‌కు కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలో ‘ఏ’ విభాగం పెట్టారు: 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా, సబ్‌స్టేషనుకు 5 కిలోమీటర్ల లోపు, రైతు సంఘాలూ సహకార సంఘాలూ అర్హులే. మెగావాట్‌కు 4 నుంచి 5 ఎకరాలు కావాలి. మేడల మీద నలభై ఇళ్లు నడపడం రాని సంఘం అక్కడికి తొందరపడకపోవడమే మేలు.

ఇక ఎవరు తీసుకోవచ్చు? ఆర్‌సీసీ మేడ, నెలకు 200 యూనిట్ల పైన వాడకం, తన పేరు మీద మీటరు ఉన్నవాళ్లు నిస్సంకోచంగా సంఘం ద్వారానే తీసుకోవాలి, సైజు మాత్రం తమ బిల్లు చూసుకుని చెప్పాలి. పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు ఉన్నవాళ్లకు ఈ ప్యాకేజీ లేదు. వాళ్ల కోసం ఒకే చోట ఉమ్మడి ప్లాంటు పెట్టి యూనిట్లను బిల్లుల్లో పంచే వర్చువల్ నెట్ మీటరింగ్ పద్ధతి దిల్లీలో 2019 నుంచి ఉంది. ఇక్కడ తమకు వర్తిస్తుందో లేదో సంఘం సర్కిల్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే ఎవరి దగ్గరైనా వాటా డబ్బు తీసుకోవాలి.

తర్వాతి విడత దసరా తర్వాత మొదలుపెడతామంటున్నారు. ఒప్పుకోవద్దు. అక్టోబరు, నవంబరు మనకు తుపాను నెలలు. స్తంభం చువ్వల మీద పోసిన దిమ్మె పూర్తి గట్టితనం రావడానికి 28 రోజులు పడుతుంది. తొందరపడి పదో రోజునే ప్యానెళ్లు ఎక్కిస్తే, పచ్చి కాంక్రీటులో బోల్టు మీద గాలి లాగుతుంది. దిమ్మెలు ఆగస్టులో పోయించి, నీళ్లు పెట్టి, సెప్టెంబరులో ప్యానెళ్లు ఎక్కించాలి. అది కుదరకపోతే డబ్బు చేతిలోనే ఉంచుకుని జనవరిలో మొదలుపెట్టమనండి.